బుచ్చిరాములు సాంచ కాడ నిద్రపట్టని లాప్‌టాప్

మా గల్లీ చివర లింగమూర్తి కార్ఖానా ఉన్నది. బందువడ్డ కార్ఖానా. పొద్దూకినంక దాని ముందటినుంచి కుక్క పోదు. పిల్లి పోదు. దోమ సుత అక్కడిదాకా వచ్చి, జరసేపు ఆలోచన చేసి, పక్క గల్లీకి మళ్లుతది. నేను నా కండ్లతోని సూసిన.

ఎందుకంటె... అండ్ల పనిచేసే బుచ్చిరాములు సచ్చిండు.

సావంటె మామూలు సావా అది! మాది నేతోళ్ల ఊరు. కరెంటు మగ్గాన్ని మేం సాంచ అంటం. సాంచల నాడె ఉంటది — రెండు కొసలకు ఇనుప మొనలున్న కట్టె. నూలు మోసుకోని ఎడమ డబ్బల నుంచి కుడి డబ్బలకు, కుడి డబ్బల నుంచి ఎడమ డబ్బలకు ఉరుకుతనే ఉంటది. ఒక్కసారి ఉరికితె బట్టల ఒక్క పోగు పడ్తది. ఒకనాటి రాత్రి ఏమైందో ఏమో, ఆ నాడె దారి తప్పింది. ఎగిరి వోయి బుచ్చిరాములు కణతల దిగింది. మొన ఈ చెవు దిక్కు సొచ్చి ఆ చెవు దిక్కు ఎల్లిందట. రక్తం పైన రేకులకు కొట్టి, రేకుల మీద పండుకున్న కాకి ఎర్రగైందట. మనిషి మాత్రం కింద వడలే. నిలవడే ఉన్నడట. సాంచ సుత కొట్టుకుంటనే ఉన్నదట — తెల్లబట్టను ఎర్రగ నేసుకుంట... నేసుకుంట...

లింగమూర్తే ఉరికొచ్చి కరెంటు మెయిన్ గుంజిండు. తన చేతులతోనే నాడెను పీకిండు, కడిగిండు, అదే సాంచకు ఎడమ దిక్కు డబ్బల పెట్టిండు. ఆనాటినుంచి ఆ కార్ఖానల సాంచ ఆడలే. సగం నేసిన బట్ట అట్లనే ఉన్నది. నాడె ఎడమ డబ్బలనే ఉన్నది. ఎవలు ముట్టిండ్రు? ఎవలికున్నది అంత గుండె?

ఇగ పోయినేడు దసరా ముందట గా కార్ఖానల జరిగిన ముచ్చట చెప్త. లింగమూర్తి బిడ్డ నవీన నోటెంట ఇన్నదే. ఉప్పుకారం మాత్రం నాది.

నవీనకు హైదరాబాద్ కంపెనీల నౌకరి. ఇంటికాడ కూసోని చేసేది. లింగమూర్తి ఇల్లంటె ఏమున్నది — రెండు అర్రలు. ఒకదాంట్ల తల్లి నూలు కండెలు సుట్టుకుంట టీవీతోని కొట్లాడ్తది. ఇంకోదాంట్ల అన్న పిల్లలు ఒకల్నొకలు కొరుక్కుంటరు. వాళ్లు ఒకసారి తాత ఫోనును చాయల ముంచి బిస్కట్ లెక్క తినవోయిండ్రు. అందుకని నవీన లాప్‌టాప్ ఎత్తుకోనివోయి కార్ఖానల కూసున్నది. ఊడ్సుకున్నది, కడుక్కున్నది, బుచ్చిరాములు సాంచ పక్కన్నే, గోడకు ఆనిచ్చి బల్ల ఏసుకున్నది.

"ఇంకో జాగ దొరకలేదానె?" అన్నది తల్లి.

"సిగ్నల్ అక్కడ్నే వస్తదే అవ్వా."

"దయ్యానికి సిగ్నల్ ఇచ్చుకుంట కూసో!"

ఆ లాప్‌టాప్‌కు మెడ ఇరిగింది. అంటె మూత కాడి కీలు పోయింది, మూస్తె మూతవడది. రాత్రంత నోరు తెరుసుకోనే ఉంటది. పొద్దూకంగ నవీన దాన్ని పూరాగ బంజెయ్యకుంట నిద్రవుచ్చేది — అంటె, చేస్తున్న పని యాదిల వెట్టుకోని పండుకొమ్మనుడు. తాళమేసుకోని ఇంటికొచ్చేది. ఎనుకనే లింగమూర్తి వోయి కార్ఖానా మెయిన్ గుంజేటోడు. బుచ్చిరాములు సచ్చినకాడినుంచి ఆయనకు అదో భయం, రాత్రిపూట అండ్ల కరెంటు ఉండద్దు. ఉండకుంటె ఏమాయె, బ్యాటరీ నిండ ఉన్నది. పండుకున్న మిషిన్ రాత్రంత తిన్నా చిటికెడే తింటది.

తెల్లారి వోయి సూస్తె — బ్యాటరీ సున్న.

ముట్టుకుంటె పెనం! జొన్నరొట్టె ఏస్తె పొంగుతుండె.

ఒక్కనాడు గాదు, రోజు గదే తీరు. నవీన పరేషాన్ అయింది. ఎనుకనుంచి సప్పుడుగాకుంట నడిచే ప్రోగ్రాములన్ని బందువెట్టింది. తమంత తాము వచ్చి కూసునే అప్‌డేట్లను ఆపింది. ఫలానా ఏళకు లేపు అని లోపలున్న అలారాలన్ని పీకేసింది. జరసేపు ఎవలు ముట్టకపోతె ఎంటనే పండుకోవాలని దానికి గట్టిగ చెప్పింది. అన్ని చేసినా పొద్దుగాల పోతె అదే సున్న, అదే పెనం. పని మొదలువెట్టే ఏళకు మిషిన్ సచ్చి ఉండేది, ఫోన్ల పెద్దసారు తిట్లు మాత్రం పానంతోని ఉండేటియి.

ఆఖరికి మందమర్రి పోరడు జేమ్స్‌కు ఫోన్ చేసింది. వాడు వాళ్ల కంపెనీల కంప్యూటర్లు బాగుచేస్తడు.

"అక్కా, నీ మిషిన్ నిద్రపోతలేదు," అన్నడు జేమ్స్. "లోపల ప్రాసెసర్ అని ఉంటది, దాని మెదడు లెక్క. అది కండ్లు మూసుడే ఆలస్యం, ఏదో గిచ్చి లేపుతున్నది. పండుకునుడు, లేసుడు. పండుకునుడు, లేసుడు. రాత్రంత గిదే పని. బ్యాటరీ గందుకే ఖతమవుతున్నది."

"ఏది లేపుతున్నది తమ్మీ?"

"దాన్నే అడుగు. ఒక్క ముక్క టైపు చేస్తె చెప్తది, నిన్ను ఆఖరికి లేపిందెవలు అని. కాని పానంతోని ఉన్నప్పుడే అడుగాలె అక్కా. సచ్చి లేసిందనుకో... దానికేం యాదికుండదు."

సచ్చి లేస్తె యాదికుండదు.

అంటె రాత్రి అడుగాలె. కార్ఖానల అడుగాలె. అది లేస్తున్నప్పుడే అడుగాలె. తండ్రి ముందట గీ మాట తీసిందో లేదో, లింగమూర్తి చేతుల కంచం కింద వడ్డది.

"రాత్రి... గా కార్ఖానలకా? నేను సచ్చినంక పో."

ఇంతల గల్లీల ముచ్చట పుట్టనే పుట్టింది. కార్ఖానా కిటికీల రాత్రిపూట నీలం ఎలుగు! తాళమేసి ఉంటది, కరెంటు ఉండదు, మనిషుండడు. ఎలుగు మాత్రం భగ్గుమంటది, ఆరుతది. భగ్గుమంటది... ఆరుతది. మూలకున్న బుచ్చిరాములు సాంచ ఆ ఎలుగుల కనవడ్తది, మల్ల మాయమైతది. సూసినోళ్లు కొందరికి సాంచ ఒక్కటే కనవడ్డది. కొందరికి దాని ముందట నిలవడ్డ మనిషి సుత కనవడ్డడు. ఆయన కణతల పొడుగ్గ ఏదో ఉన్నదని ఒక ఆమె అన్నది. పేరు చెప్ప.

ఆ కార్ఖానకు గోడకు గోడ ఆనుకోని లక్ష్మీరాజం కార్ఖానా ఉన్నది. వాడిది నడిచే కార్ఖానా. పండుగ చీరెల ఆర్డర్ దొరికిందని కొత్త సాంచలు తెచ్చి నడిమిగోడ పొంటి బిగిచ్చిండు. రాత్రింబగళ్లు పని. లక్ష్మీరాజం మనిషి ఎట్లుంటడంటె, ఎద్దు వాన్ని సూసి పక్కకు జరుగుతది. వాని తమ్ముడు శ్రీహరికి మాత్రం నోరే ఎద్దంత.

"దయ్యం లేదు గియ్యం లేదు," అన్నడు శ్రీహరి. "ఇయ్యాల రాత్రి నేను అండ్ల పండుకుంట. దయ్యమొస్తె దాని కాళ్లు ఇరగ్గొట్టి పొద్దుగాల మీకు సూపెడ్త."

ఇనుప రాడ్ వట్టుకోని కిటికీ ఊసలు వంచి లోపలికి దిగిండు. గల్లీ అంత నిశ్శబ్దం. సూది వడ్డా ఇనవడ్తది. శ్రీహరి బుచ్చిరాములు సాంచకు ఎన్ను ఆనిచ్చి కూసున్నడు. చీకటి... కండ్ల ముందట చెయ్యి కనవడని చీకటి. కునుకు వట్టింది...

భగ్గుమన్నది ఎలుగు.

కండ్లు తెరిస్తె, ఎదురుంగ అద్దం లెక్క మెరిసే తెరల ఒక మొఖం. గడ్డం, చింపిరి జుట్టు, తెరిసిన నోరు. అది వాని మొఖమే. కాని గా ఘడియల ఎవలికి తెలుస్తది తన మొఖం? కెవ్వున ఒర్రి రాడ్ ఇసిరిండు. రాడ్ పోయి సాంచ ఇనుముకు తాకి, తిరిగొచ్చి వాని మోకాలును పలగ్గొట్టింది. కుంటుకుంట ఉరికిండు. చీకట్ల నెత్తివోయి సాంచ మూలకు కొట్టుకున్నది. పుచ్చకాయ వలిగినట్టు వలిగింది. లేసిండు, మల్ల ఉరికిండు, మల్ల ఇంకో సాంచకు కొట్టుకున్నడు. ఆ కార్ఖానల ఉన్న ప్రతి సాంచ వాన్ని ఒక్కొక్క దెబ్బ కొట్టే అవతలికి వంపింది.

కిటికీల నుంచి గల్లీల వడ్డంక వాడన్నది ఒక్కటే మాట. "బుచ్చిరాములన్న... లేసిండు."

తమ్ముని దవాఖానల ఏసి వచ్చిన లక్ష్మీరాజం అంగి చెమటకు తడిసినట్టు రక్తంల తడిసి ఉన్నది. గల్లీ నడుమ నిలవడ్డడు. చేతుల పానా — సాంచ నట్లు ఇప్పే పెద్ద పానా.

"సచ్చినోడు తనంత తాను లేవడు," అన్నడు. గొంతు మెల్లగున్నది, అదే అందరికి భయం పుట్టిచ్చింది. "ఎవడో లేపుతుండు."

అందరి కండ్లు కార్ఖానా అరుగు మీదికి పోయినయి.

అరుగు మీద దశరథం కూసోని ఉన్నడు. ఉట్నూర్ దిక్కు అడివి పల్లెటూరోడు. సైకిల్ మీద ఊరూరు తిరిగి ఎలుకల మందు అమ్ముతడు. కిరాయి లేని జాగ ఎక్కడని అడిగితె ఎవలో నవ్వులాటకు గా అరుగు సూపెట్టిండ్రు. వచ్చి పడిన నాటినుంచి ఆ మనిషి పండుకున్నది ఎవలు సూడలే. రాత్రంత చెవులు మూసుకోని కూసుంటడు, తనల తానే గొణుగుతడు. కండ్లు నిప్పులోలె ఎర్రగుంటయి. ఇగ అంతకంటె ఏం కావాలె? సంచి గుంజి బోర్లిస్తె నల్లని పొడి రాలింది. పొట్లాల మీద ఎల్లకిల వడ్డ ఎలుక బొమ్మ.

"బాణామతి!" అని ఒర్రింది ఒక గొంతు. ఇగ గా ఒక్క మాట సాలు.

కాళ్లు వట్టి గుంజిండ్రు. అరుగు మెట్టు మెట్టుకు తల కొట్టుకుంట కిందికొచ్చింది. సైకిల్‌ను ఎత్తి మురికినీళ్ల మోరిల ఏసిండ్రు. కార్ఖానా తాళం పానాతోని పలగ్గొట్టి ఆ మనిషిని లోపలికి ఈడ్సుకపోయిండ్రు. ఏ సాంచ కాడైతె బుచ్చిరాములు సచ్చిండో అదే సాంచకు తాళ్లతోని కట్టిండ్రు. కొట్టిండ్రు. చేతులతోని కొట్టినోళ్లు చేతులతోని, చెప్పులతోని కొట్టినోళ్లు చెప్పులతోని. దవడ పటపటమన్నది.

"కొట్టుడు నక్కో బాబా! నక్కో!" అని ఏడుస్తుండు దశరథం. వాళ్ల దిక్కు 'వద్దు'ను నక్కో అంటరు. వీళ్లకది మంత్రం లెక్క ఇనవడ్డది.

"ముందుగాల పండ్లు పీకుండ్రి," అన్నడు లక్ష్మీరాజం. "పండ్లు లేని నోట్ల మంత్రం నిలవది. పీకినంక కిరసనాయిలు సంగతి సూద్దాం."

ఆ మాట గోడ దాటి ఇంట్ల ఉన్న నవీన చెవుల వడ్డది. లేసి ఉరకవోతె తండ్రి చెయ్యి వట్టుకున్నడు. లింగమూర్తి చెయ్యి జ్వరమొచ్చినట్టు వణుకుతున్నది.

"వాళ్లను ఎవలాపుతరు బిడ్డా... మనతోని అయితదా..."

"మనిషిని సంపుతున్నరు బాపూ! అదీ నా మిషిన్ పేరు వెట్టి!"

చెయ్యి గుంజుకోని ఉరికింది. కార్ఖానల మనిషికి మనిషికి నడుమ గాలి సొచ్చే సందు లేదు. ఎవల మోచెయ్యో తాకి పెదవి పగిలింది. రక్తం తుడుసుకుంటనే సొచ్చి, లక్ష్మీరాజానికి దశరథానికి నడుమ నిలవడ్డది.

"పక్కకు జరుగు పోరీ."

"లక్ష్మీరాజం కాకా, జర ఆగు. మిషిన్‌ను ఎవలు లేపుతున్నరో గా మిషిన్‌నే అడుగుత. అది చెప్పినంక మీ ఇష్టం."

లాప్‌టాప్ అప్పుడే లేసి ఉన్నది. గరం. లోపల ఫ్యాను బుసకొడ్తున్నది. బ్యాటరీ గుర్తు ఎర్రగై వెలిగి ఆరుతున్నది — ఇంకింత సేపైతె అది సస్తది. సస్తె యాదికుండదు. ఇగ దశరథం పానం దక్కేది సుత గా ఎర్రగీత మీదనే ఉన్నది. నవీన జేమ్స్ చెప్పిన ముక్క టైపు చేసింది. నిన్ను ఆఖరికి లేపిందెవలు?

మిషిన్ జవాబిచ్చింది.

నవీన మొఖం వెలిగింది. సంబురంల ఆలోచన చేయకుంట ఒర్రింది — "మౌస్! లేపింది మౌస్!"

అందరు మొఖమొఖాలు సూసుకున్నరు. ఎనుకనుంచి ఒక ముసలామె, నేను గాదు, అన్నది — "మౌసంటె ఎలుకనే కదనే. మా మనుమడు రోజు సదువుతడు."

ఎలుక!

ఎలుకల మందు దశరథం దిక్కు అందరొక్కసారి మళ్లిండ్రు. ఇగ ఆపుడు ఎవలితోనైతది? లక్ష్మీరాజం పక్కడ్ — మొలలు పీకే పట్టుకారు — నోట్ల వెట్టిండు. మొల గుంజినట్టు గుంజిండు. దశరథం ఒర్రిన ఒర్రుడుకు రేకుల మీద తుప్పు రాలింది. నోట్లనుంచి రక్తం ధార గట్టింది. పన్ను వచ్చి నవీన కాళ్ల కాడ పడ్డది.

నవీన ఎగిరి బల్ల మీదికెక్కింది.

"ఎలుక గాదు! గిది! గిదీ మౌస్!" తన చేతికింద ఆడే గా నల్లని డబ్బను పైకెత్తి సూపెట్టింది. "దీన్ని కదిలిస్తె మిషిన్ లేస్తది. అంతే! ఇగో, కింద వెడ్తున్న. చెయ్యి తీసిన. ఇప్పుడు ఎవలు ముట్టకుండ్రి. తెర మీద బాణం సూడుండ్రి..."

బల్ల దిగి ఎనుకకు జరిగింది. అందరు సూసిండ్రు. ఎవలు ముట్టలే.

తెర మీద బాణం వణికింది.

జర కుడికి పోయింది... ఆగింది... మల్ల వణికింది.

"బాణం... కదులుతున్నది," అన్నది నవీన, తనకు తెల్వకుంటనే.

"బాణామతే!" అన్నరు ఎనుకనుంచి. "పోరి నోటెంటనే వచ్చింది, బాణామతే!"

లక్ష్మీరాజం పక్కడ్ పారేసిండు. పానా ఎత్తిండు. ఇగ పండ్లు గాదు, నెత్తే. దశరథం పెదవులు కదులుతున్నయి.

"సూడుండ్రి, ఇంక మంత్రం సదువుతనే ఉన్నడు!"

"ఆగు కాకా!" నవీన ఆ మనిషి మీద అడ్డంవడ్డది. చెవి తీస్కవోయి నెత్తురు కారే నోటికాడ వెట్టింది. "ఏమంటున్నవ్ తాతా? గట్టిగ చెప్పు. అందరు ఇననీ."

దశరథం ఏడ్సుకుంట చెప్పిండు. "గీ సప్పుడుకు... నాకే నిద్ర వడ్తలేదు బిడ్డా... గా మిషిన్‌కు ఎట్ల వడ్తది..."

"ఏ సప్పుడు?" అన్నడు లక్ష్మీరాజం, ఎత్తిన పానాతోనే.

"ఏ సప్పుడు?" అన్నరు అందరు.

నిజంగనే అడిగిండ్రు! నేనుంటె నేను సుత గట్లనే అడుగుదును. మేం తల్లి కడుపుల ఉన్నప్పుడే సాంచల సప్పుడు ఇన్నం. మా పిల్లలకు అదే జోలపాట. అది మాకు సప్పుడు గాదు, గాలి. ఎనుకట నేను 'సూది వడ్డా ఇనవడ్తది' అన్న గదా, గా ఘడియల గోడ అవుతల లక్ష్మీరాజం సాంచలు ఠకఠకఠకఠక భూమి పలగ్గొడ్తున్నయి. ఎవలికిన్నది? ఎవలికి ఇనవడలే. అడివిల పుట్టిన దశరథానికి ఒక్కనికే ఇనవడ్డది.

నవీన మెల్లగ అరచెయ్యి తీస్కవోయి గోడ మీద వెట్టింది.

గోడ వణుకుతున్నది. గోడకు ఆనిచ్చిన బల్ల వణుకుతున్నది. బల్ల మీది మౌస్ వణుకుతున్నది. తెర మీద బాణం వణుకుతున్నది.

"కాకా... దయ్యం నీ సాంచలే. గోడకు బిగిచ్చిన నీ కొత్త సాంచలు! నువ్వే లేపుతున్నవ్ దీన్ని, రాత్రంత!"

"నా సాంచలను దయ్యమంటవానే!"

"ఒక్కసారి బందువెట్టు. బాణం ఆగకుంటె నా నెత్తి పలగ్గొట్టు."

"పండుగ చీరెలు నీ బాపు నేస్తడా? బందువెట్ట. నువ్వు జరుగుతవా, నీకు సుత ఒకటి పడాల్నా?"

పానా ఇంకింత పైకి లేసింది. నవీన కండ్లు మూసుకున్నది... జరుగలే.

అప్పుడు...

అంత ఆగిపోయింది.

ఒక్కపెట్టున. గల్లీల కరెంటు బుగ్గలు ఆరినయి. సాంచలు ఆగినయి — లక్ష్మీరాజంవే గాదు, గల్లీల ఉన్న సాంచలన్ని. ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఒక మనిషి లివర్‌కు ఏలాడ్తున్నడు. గా మనిషి, బిడ్డ మాట ఇని ఉరికిన లింగమూర్తి. జ్వరమొచ్చినట్టు వణికే గా చేతులతోనే గుంజిండు.

నిశ్శబ్దం. అసలు నిశ్శబ్దం. మేం పుట్టినకాడినుంచి ఎరుగని నిశ్శబ్దం. చెవులల్ల గుయ్యిమన్నది. ఒక ఇంట్ల పసిపిల్ల లేసి ఏడ్సింది. పక్కింట్ల ఇంకోటి. గల్లీ పొడుగున పిల్లలందరు లేసి ఏడ్సుడే — సాంచ ఆగితె మా దిక్కు నిద్రల ఉండేదెవలు!

కార్ఖానల నీలం ఎలుగు ఒక్కటే. అందరి కండ్లు తెర మీద.

బాణం కదలలే.

టప్... టప్... అని ఏదో ఇనవడ్తున్నది. దశరథం గదువ నుంచి రక్తం నేల మీద పడే సప్పుడు. అందాక గది సుత ఎవలికి ఇనవడలే. లక్ష్మీరాజం పానా గాలిల్నే ఆగింది. వాని చెయ్యి జర కిందికి దిగింది... ఇంకింత దిగింది...

ఇంతల తెర ఆరింది. కటిక చీకటి.

"పండుకున్నది," అన్నది నవీన, గుసగుసగ.

చీకట్ల ఒకల ఊపిరి ఒకలికి ఇనవడ్తున్నది. గప్పుడు... బుచ్చిరాములు సాంచ దిక్కునుంచి...

గుర్ర్ర్ర్ర్...

కరెంటు లేదు. ఏ సాంచ ఆడ్తలేదు. అయినా —

గుర్ర్ర్ర్ర్ర్ర్... ఖ్ఖ్...

"బుచ్చిరాములన్నో!" అని ఎవడో ఒర్రిండు. ఇగ సూడాలె తొక్కులాట! వాకిలి ఒక్కటే, మనుషులు గల్లీ అంత. కిందవడ్డోని మీదికెల్లి ఎక్కినోడు, ఎక్కినోని మీదికెల్లి దుంకినోడు. చేతులిరిగినయి, చెప్పులు ఊడినయి, ఒకని ధోతి ఇంకోని మెడకు సుట్టుకున్నది. అందరికంటె ముందు ఉరకవోయింది లక్ష్మీరాజమే. చీకట్ల నోరువోయి సాంచ ఇనుముకు ఫడేల్మని తాకింది. ముందటి పండ్లు రెండు, పక్కడ్ అవసరం లేకుంటనే ఊడొచ్చినయి.

నవీన ఒక్కతే మిగిలింది. కాళ్లు రాలేదట, అందుకే మిగిలిన అన్నది. ఫోన్ లైటు ఏసి మెల్లగ సాంచ దిక్కు తిప్పింది.

తాళ్లల్ల ఏలాడుకుంట, నోట్ల నెత్తురుతోనే, దశరథం నిద్రవోయి గురకవెడ్తుండు.

మా ఊరికొచ్చినంక మొదటిసారి గా మనిషికి నిద్రవట్టింది. తాళ్లిప్పినా లేవలే. దవాఖానకు మోసినా లేవలే. డాక్టర్ దవడకు కుట్లేస్తుంటె గురక ఇంకింత ఎక్కువైందట. నర్సు చెవులల్ల దూది వెట్టుకున్నదట. లేసినంక పోలీసోళ్లు అడిగితె ఒక్కొక్కని పేరు చెప్పిండు. లక్ష్మీరాజం జీపెక్కిండు, పండ్ల సందుల నుంచి "తప్పైంది తప్పైంది" అనుకుంట. అది 'తఫ్ఫైంది' అని ఇనవడ్డది. జేలు నుంచి వచ్చినంక సాంచలను గోడకాడికెల్లి జరిపి, కింద రబ్బరు వేపిచ్చిండు.

దశరథం మాత్రం మోరిల నుంచి సైకిల్ తీపిచ్చుకోని ఊరు దాటంగ నవీనతోని అన్నడట, "మీ ఊళ్లె ఒక్క పొట్లం అమ్ముడువోలే బిడ్డా. ఎలుకలుంటె గదా! గీ సప్పుడుకు అవ్వి ఎన్నడో పారిపోయినయి."

నవీన ఇప్పుడు పొద్దూకంగ మౌస్ పీకి సంచిలేసుకోని ఇంటికి పోతది. తెల్లారి సూస్తె బ్యాటరీ నిండే ఉంటది. తిన్నది చిటికెడు. మిషిన్ చల్లగ, బాయి నీళ్లోలె.

గంతే ముచ్చట. దయ్యం లేదు గియ్యం లేదు.

గా రాత్రి తెల్లారినంక నెత్తురు కడుగుదామని లింగమూర్తి ఒక్కడే కార్ఖానలకు పోయిండట. బిడ్డకు చెప్పలే. నాకు చెప్పిండు. బుచ్చిరాములు సాంచకు ఎడమ డబ్బ ఖాళీ. నాడె కుడి డబ్బల ఉన్నది.

"తొక్కులాటల ఎవలో తాకి ఉంటరు వదినా," అన్నడు.

"అంతే అయ్యుంటది," అన్న నేను.

"సగం నేసిన బట్ట సుత సూసిన," అన్నడు.

"అయితె?"

"ఒక్క పోగు ఎక్కువున్నది..."

వేలి కొసలు అంగికి తుడుసుకున్నడు.

"తడిగున్నది."